తీర్పు కోసం ఎదురుచూసిన ఇళ్లు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సంక్రాంతి వెళ్లిందంటే మా గుంటూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఏ వూరి పొలిమేర చూసినా మిరప కల్లాలతో ఎర్రగా వుంటుంది. పొద్దున్నే కాయ పరవడం, సాయంత్రం మంచు పడకముందే కుప్పచేసి పట్టా కప్పడం, మధ్యాహ్నంపూట నీడన కూర్చుని తాలుకాయ ఏరడం. ఇదీ మన ఆడవాళ్ల పని. మొన్న నేను మా పెద్దాడబిడ్డగారి వూరు వెళ్లేసరికి ఆవిడ కూడా కూలివాళ్లతో కలిసి తాలు ఏరుతున్నారు. ఒళ్లో ఫోను వుంది. చేతులనిండా మిరప ఘాటు. ఆ చేత్తో ఫోను పట్టుకుని, అదే చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో తెలిసీ, నిమిషానికోసారి దాన్ని తిప్పి చూస్తున్నారు.

“ఏం వదినా, అబ్బాయి దగ్గర్నుంచి కబురేమన్నా వచ్చిందా?” అన్నాను.

“ఏం కబురు అమ్మాయ్! ఇంకా చూస్తున్నారట. చూడ్డానికి అయిదు నెల్లా? మనం పెళ్లిసంబంధం కూడా ఇన్నాళ్లు చూడం గదా!” అన్నారావిడ.

సంగతేమిటంటే, వాళ్లబ్బాయి చాలా ఏళ్లుగా అమెరికాలో ఇంజనీరు. గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొనుక్కున్నాడు, పిల్లలు అక్కడే పుట్టారు. మధ్యలో మా అన్నయ్యగారికి పక్షవాతం వస్తే పరుగెత్తుకొచ్చి ఎనిమిది నెలలు మంచం దగ్గరే వున్నాడు. ఆయన పోయాక కర్మకాండ ముగించుకుని తిరిగి వెళ్లాడు. తరువాత ఆ దేశ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే కాదన్నారు. ఆరు నెలలు దాటి దేశం విడిచి వుంటే అక్కడి నివాసం తెగిపోయినట్టుగా భావించే నిబంధన ఒకటి వుందట. ఇతగాడు మళ్లీ విచారించమని పైకి అప్పీలు పెట్టుకున్నాడు. ఆ జవాబు కోసమే ఈ ఎదురుచూపు.

“నేనే గదా వాణ్ణి రమ్మన్నది! నా మూలానే వాడి కాగితం ఆగిపోయింది” అని ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. కళ్లు మరీ మండాయి పాపం.

నేను లాయర్ని కాను. మెట్రిక్ చదువుకుని, వంటింట్లోంచి అప్పుడప్పుడు ఈ మైకు దగ్గరికి వచ్చే మనిషిని. అయితే చరిత్ర పుస్తకాలు తిరగెయ్యడం నాకు చిన్నప్పటి అలవాటు. మా వదినలాగా ఈ ఎదురుచూపు చూసిన ఇళ్లు వంద సంవత్సరాల క్రితం కూడా వున్నాయి. ఆ ఇళ్ల కథ ఇవాళ మీకు చెప్పాలనుకున్నాను.

మొదట ఆ దేశపు చట్టం సంగతి. అమెరికా స్వాతంత్ర్యం తెచ్చుకున్న కొత్తలో, 1790లో, బయటి దేశాల నుంచి వచ్చి పౌరులు కావాలనుకునేవారు తెల్లజాతివారై వుండాలని చట్టం చేసుకున్నది. బానిసత్వం పోయిన తరువాత 1870లో నల్లజాతివారిని కూడా చేర్చారు. చైనా వారికి 1882 చట్టంతో తలుపు మూసేశారు. మరి మన వాళ్లో? మనం తెల్లా కాదు, నల్లా కాదు. చామనఛాయ వాళ్లకి ఆ కాగితంలో గడి లేదు. అందుచేత ఏ కోర్టులో ఏ జడ్జి వుంటే ఆయనకి తోచినట్టు తీర్పు చెప్పడం మొదలైంది.

1909లో భికాజీ బల్సారా అనే పార్సీ పెద్దమనిషికి న్యూయార్కు కోర్టు పౌరసత్వం ఇచ్చింది. ఈయన బొంబాయి నుంచి వెళ్లిన పత్తి వర్తకుడు. పత్తి పండించే మనకు ఇది కాస్త దగ్గరి సంగతే. గవర్నమెంటు పై కోర్టుకి వెళ్లినా 1910లో ఆయనే గెలిచాడు. 1913లో అక్షయకుమార్ మజుందార్ అనే బెంగాలీకి కూడా వాషింగ్టన్ రాష్ట్రంలో ఇచ్చారు. దాంతో మన వాళ్లకి ఆశ పుట్టింది.

ఆ రోజుల్లో అమెరికా పడమటి తీరంలో మన దేశం వాళ్లు కొన్నివేలమంది వుండేవారు. ఎక్కువమంది పంజాబు రైతులు. కలప మిల్లుల్లో, రైలు రోడ్ల మీద, తోటల్లో పనిచేసేవారు. 1907లో బెల్లింగ్‌హామ్ అనే వూళ్లో అక్కడి మూకలు వాళ్ల బసల మీద పడి రాత్రికి రాత్రి తరిమేశారు. అలాంటి చోటికి 1912లో మన వైపు యువకుడొకాయన చదువు కోసం వెళ్లారు. ఆయన పేరు దరిశి చెంచయ్యగారు. 1890లో కనిగిరిలో పుట్టారు. అప్పుడు కనిగిరి నెల్లూరు జిల్లాలో వుండేది, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. చెంచయ్యగారు కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్ పార్టీ మొదటి సభ్యులలో ఒకరైనారు. పరాయిదేశంలో మనల్ని ఇంత చులకనగా చూడడానికి కారణం మనకంటూ ఒక దేశం లేకపోవడమేనని గదర్ వాళ్ల వాదం. స్వదేశంలో బానిసకి బయట ఎవడు కుర్చీ వేస్తాడని వాళ్ల బాధ. ఆయన ఆ దేశపు పౌరసత్వం కోసం ఆగలేదు. పార్టీ పని మీద బయలుదేరి, పట్టుబడి, మొదటి ప్రపంచయుద్ధం రోజులు జైళ్లలో గడిపారు. తన కథనంతా ‘నేనూ నా దేశం’ అనే పుస్తకంగా రాసుకున్నారు.

అక్కడే వుండిపోయి కోర్టు మెట్లు ఎక్కినవాళ్ల సంగతి వేరు. ముందు ఒక జపాన్ ఆయన గురించి చెప్పాలి. తకావో ఒజావా అని ఆయన పేరు. చిన్న వయసులోనే అమెరికా చేరి, కాలిఫోర్నియాలో చదువుకుని, హవాయి దీవుల్లో సంసారం పెట్టుకున్నాడు. ఇంట్లో పిల్లలతో కూడా ఇంగ్లీషే మాట్లాడేవాడు. 1914లో దరఖాస్తు పెట్టాడు. 1916లో కాదన్నారు. అప్పీలు చేశాడు. కేసు సుప్రీం కోర్టుకి చేరింది. తీర్పు ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 1922 నవంబరు 13న. దరఖాస్తు పెట్టిననాటి నుంచి ఎనిమిదేళ్లు! ఆ తీర్పు కూడా కాదనే. జపాన్ వాడు తెల్లవాడు కాదు, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని జడ్జి సదర్లాండ్ రాశాడు. ఈ జడ్జిగారు స్వయానా ఇంగ్లండులో పుట్టి పసితనంలో అమెరికా వెళ్లిన మనిషే.

మూడు నెలలకి మనవాడి వంతు వచ్చింది. భగత్ సింగ్ థింద్. అమృతసర్ వైపు వాడు. 1913లో వెళ్లి, కలప మిల్లులో పనిచేసి, 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతోనే సిపాయి అయినాడు. 1918 డిసెంబరు 9న యూనిఫారంలో వుండగానే పౌరసత్వం ఇచ్చి, నాలుగు రోజులకే వెనక్కి తీసుకున్నారు. ఆయన వూరుకోలేదు. ఆరెగాన్ రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు పెట్టాడు. 1920 నవంబరులో అక్కడి జడ్జి రెండోసారి ఇచ్చాడు. ఈసారి గవర్నమెంటు అప్పీలుకి వెళ్లింది. చేతిలో కాగితం వుంది, కానీ అది ఎన్నాళ్లు వుంటుందో తెలియదు. అలా రెండేళ్ల మూడు నెలలు.

థింద్ తరఫున చేసిన వాదన ఈనాడు వింటే మనకి అంత బాగుండదు. ఉత్తర హిందూస్థానంలో పుట్టిన ఉన్నత కులంవాణ్ణి, ఆర్యజాతివాణ్ణి, కనుక కాకేసియన్నే అన్నాడాయన. అంటే గోడ కూడదని అడగలేదు, గోడకి లోపలివైపు నన్ను చేర్చమని అడిగాడు. దానికి 1923 ఫిబ్రవరి 19న అదే సదర్లాండుగారు జవాబు రాశారు. శాస్త్రం ఏమి చెప్పినా సరే, మామూలు మనిషి చూసి తెల్లవాడని అనుకోవాలి, మిమ్మల్ని అలా ఎవరూ అనుకోరు, అన్నారు. మొన్న నవంబరులో తెల్లవాడంటే కాకేసియన్ అన్న నోరే, ఫిబ్రవరికల్లా కాకేసియన్ అయినా చాలదన్నది. మార్కెట్ యార్డులో ఒకరోజు రంగు లేదని, మర్నాడు రంగుంటే తేమ వుందని ధర కోసే బేరం మనకి తెలియనిదా!

ఆ తీర్పు థింద్ ఒక్కడితో ఆగలేదు. అంతకు ముందు పౌరసత్వం పొందిన మన వాళ్ల కాగితాలు కూడా రద్దు చెయ్యడానికి గవర్నమెంటు ఒక్కొక్కరి మీదా కేసులు వేసింది. కాలిఫోర్నియాలో అప్పటికే ఒక భూమి చట్టం వుంది. పౌరుడు కావడానికి అర్హత లేని విదేశీయుడు అక్కడ భూమి కొనకూడదు, కౌలుకి కూడా తీసుకోకూడదు. తీర్పు తరువాత మన రైతులు ఆ చట్టం కిందికి వచ్చారు. చెమటోడ్చి బాగుచేసుకున్న పొలాన్ని తెలిసిన తెల్లవాళ్ల పేరనో, అక్కడ పుట్టిన పిల్లల పేరనో పెట్టుకుని బతకవలసి వచ్చింది. పొలం ఒకరిది, పేరు ఇంకొకరిదైతే ఎంత గుండెకోతో మన పల్లెల్లో వాళ్లకి వేరే చెప్పాలా?

ఇప్పుడు ఆడవాళ్ల సంగతికి వస్తాను. కోర్టు కాగితాల మీద వాళ్ల పేర్లు వుండవు. అయినా దెబ్బ వాళ్లకే ముందు తగిలింది. 1922లో అమెరికా ఒక చట్టం చేసింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వం కూడా పోగొట్టుకుంటుందని అందులో వుంది. తారకనాథ్ దాస్ అనే బెంగాలీ దేశభక్తుడి భార్య మేరీ అమెరికా పిల్లే. పుట్టిన గడ్డ మీదే ఆమె ఏ దేశానికీ చెందని మనిషి అయిపోయింది. 1926లో ‘ది నేషన్’ పత్రికలో ఆ సంగతే రాసి బయటపెట్టింది.

థింద్ కేసు వాదించిన లాయరు సఖారామ్ గణేశ్ పండిత్ కూడా మనవాడే. 1914లో పౌరుడైనాడు. ఆయన కాగితం మీద కూడా కేసు పడింది. ఈసారి ఆయన జాతి గురించి వాదించలేదు. “మీరిచ్చిన కాగితాన్ని నమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాను, వృత్తిలో స్థిరపడ్డాను, పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు తీసేస్తే నా భార్య పౌరసత్వమూ పోతుంది, ఆమె భూమీ పోతుంది. ఒకసారి తేల్చిన సంగతిని మళ్లీ తవ్వకూడదు” అన్నది ఆయన వాదన సారాంశం. 1926లో అప్పీలు కోర్టు ఆయనవైపు చెప్పింది. 1927లో సుప్రీం కోర్టు గవర్నమెంటు మొర వినడానికి ఒప్పుకోలేదు. దాంతో తక్కిన వాళ్ల మీద కేసులు కూడా ఆగిపోయాయి. గమనించారా? ఆర్యజాతి అన్న వాదన ఓడిపోయింది. ఇల్లూ ఇల్లాలూ అన్న వాదన గెలిచింది.

కానీ ఆ గెలుపు అందరి ఇళ్లకీ వేళకి చేరలేదు. వైష్ణోదాస్ బాగాయ్ అని పెషావరు నుంచి వెళ్లిన ఆయన వుండేవాడు. 1915లో భార్య కళను, ముగ్గురు కొడుకుల్ని వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాడు. బర్క్లీలో ఇల్లు కొనుక్కుని సామాను తీసుకుని వెళ్తే, ఇరుగుపొరుగు వాళ్లు ఆ ఇంటికి తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. కళ ఆ వీధిలో తన పిల్లల్ని పెంచనని వెనక్కి తిప్పేసింది. 1921లో బాగాయ్ పౌరుడైనాడు. తీర్పు తరువాత అది పోయింది. దుకాణం పోయింది, ఆస్తి పోయింది. స్వదేశంలో చుట్టాలని చూసి రావడానికి అమెరికా పాస్‌పోర్టు లేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. ఆ తెల్లదొరల రాజ్యం వద్దనే కదా నేనొచ్చింది అని ఆయన తీసుకోలేదు. 1928 మార్చిలో ప్రాణం తీసుకున్నాడు. తన బాధంతా ఒక పత్రికకి ఉత్తరంగా రాసి వెళ్లాడు.

ఆ ఉత్తరం గురించి చాలామంది రాశారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తరువాత కళమ్మ గడిపిన రోజులు. భాష అంతంత మాత్రం. ముగ్గురు పిల్లలు. నా అన్నవాళ్లు ఏడు సముద్రాల అవతల. ఆవిడ తిరిగి రాలేదు, కూలబడనూ లేదు. ఇంగ్లీషు నేర్చుకుంది. ముగ్గురు కొడుకుల్నీ కాలేజీ చదువులు చదివించింది. తరువాత మహేశ్ చంద్ర అనే కుటుంబ మిత్రుణ్ణి పెళ్లి చేసుకుంది. చట్టం మారాక తానే పౌరురాలైంది. దక్షిణ కాలిఫోర్నియాలో మన వాళ్లందరికీ పెద్దదిక్కయి, 1983లో కన్నుమూసింది. ఏ బర్క్లీలో ఇంట్లోకి రానివ్వలేదో, ఆ బర్క్లీ నగరసభే 2020లో ఒక వీధికి కళా బాగాయ్ పేరు పెట్టాలని నిర్ణయించింది. వంద సంవత్సరాలు పట్టింది. అయినా పెట్టారు.

మన తెలుగింటి కథ కూడా ఒకటి వుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీకు చెప్పనక్కరలేదు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లి, హార్వర్డులోను, తరువాత లెడర్లీ కంపెనీలోను పరిశోధనలు చేసి, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి మందులు లోకానికి అందడానికి కారకులైన మహానుభావుడు. గర్భిణీ స్త్రీకి ఇవాళ పల్లెటూరి ఆసుపత్రిలో ఇచ్చే ఫోలిక్ మాత్ర వెనక ఆయన శ్రమ వుంది. ఆయన భార్య శేషగిరమ్మగారు ఇక్కడే వుండిపోయారు. ఆయన తిరిగి రాలేదు. అమెరికా చట్టం మన వాళ్లకి వీలు కల్పించిన రెండేళ్లకే, 1948 ఆగస్టులో, ఆ దేశ పౌరుడు కాకుండానే న్యూయార్కు దగ్గర కన్నుమూశారు. ఒక మనిషి మందులకి గుమ్మం తెరిచిన దేశం, ఆ మనిషికి ఇరవై ఏళ్లకి పైగా తెరవలేదు. ఆయన చరిత్ర రాసేటప్పుడు ఈ గడ్డన నడిచిన ఆ ఇల్లాలి సంవత్సరాలు కూడా లెక్కలోకి రావాలని నాకనిపిస్తుంది.

చివరికి ఆ చట్టం ఎలా మారింది? ఒక్కరోజులో మారలేదు. 1935లో, మొదటి యుద్ధంలో పనిచేసిన ఆసియా సిపాయిలకి మాత్రం పౌరసత్వం ఇవ్వవచ్చునన్నారు. దాని కింద 1936లో థింద్ మూడోసారి పౌరుడైనాడు. మొదటిసారి ఇచ్చిననాటికీ దానికీ మధ్య పద్ధెనిమిదేళ్లు. తరువాత జె.జె. సింగ్ వంటి వాళ్లు ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరగగా, 1946 జూలై 2న ప్రెసిడెంటు ట్రూమన్ సంతకంతో మన వాళ్లందరికీ అర్హత వచ్చింది. అప్పుడు కూడా కొత్తగా దేశంలోకి రానిచ్చేది ఏడాదికి వందమందినే. 1952లో జాతి షరతు పూర్తిగా తొలగించారు. 1965 చట్టంతో పాత కోటాలు పోయాయి. ఆ తరువాతే మన గుంటూరు, ఒంగోలు పిల్లలు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లగలిగారు. వాళ్లు విమానం దిగిన నేల వెనక ఒజావా ఎనిమిదేళ్లు, థింద్ పద్ధెనిమిదేళ్లు, కళమ్మ కన్నీళ్లు వున్నాయి.

ఈ కథ అంతా ఆ కల్లంలో కూర్చునే మా వదినకి చెప్పాను. ఆవిడ ఏరడం ఆపి విన్నారు. “అయితే ఆ థింద్ అనేవాడు మూడోసారి పెట్టుకున్నాడా?” అన్నారు. పెట్టుకున్నాడన్నాను. “ఆ లాయరు భార్యాబిడ్డల సంగతి చెబితే విన్నారా?” విన్నారన్నాను.

అప్పుడు ఇప్పటి పద్ధతి కూడా నాకు తెలిసినంతలో చెప్పాను. ఇప్పుడు రంగు చూసి కాదనే చట్టం లేదు. పౌరసత్వం కాదంటే ముప్పయి రోజుల్లోగా మరో విచారణ అడగవచ్చు. అది వేరే అధికారి చేస్తారు. 180 రోజుల్లోగా విచారణ పెట్టాలని నియమం. అక్కడా కాదంటే కోర్టుకి వెళ్లవచ్చు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరసత్వం కాదన్నంత మాత్రాన గ్రీన్ కార్డు దానంతట అది పోదు. ఇక ఆరు నెలలు దాటిన గైర్హాజరీ సంగతి. నివాసం తెగిపోలేదని, ఇల్లూ వుద్యోగమూ సంసారమూ అక్కడే వున్నాయని, కారణం వుండే ఆగిపోయామని రుజువులు చూపించుకునే వీలుంది.

“కారణమా?” అన్నారావిడ. లేచి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని ఇంట్లోకి వెళ్లారు. మా అన్నయ్యగారి ఇనప్పెట్టె తీశారు. అందులో ఆ ఎనిమిది నెలల కాగితాలన్నీ వున్నాయి. ఆసుపత్రిలో చేర్చిననాటి చీటీ, స్కానింగు రిపోర్టులు, మందుల బిల్లులు, వ్యాయామం చేయించిన అబ్బాయికిచ్చిన రసీదులు, ఆఖరికి మరణ ధ్రువపత్రం. ఒక్కటి పారెయ్యలేదు. ఎందుకు దాచారో ఆవిడకే తెలియదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదన్నారు.

ఆ రాత్రి ఇద్దరం లైటు కింద కూర్చుని వాటిని తారీఖుల వరసన పేర్చాం. పక్కింటి పిల్ల ఒక్కొక్కటీ ఫోటో తీసి అమెరికా పంపింది. తెల్లారేసరికి అబ్బాయి ఫోను చేశాడు. “అమ్మా, మా వకీలు అడిగినవి ఇవే. వుండవనుకుని నిన్ను అడగలేదు” అన్నాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నారు.

తీర్పు ఇంకా రాలేదు. వస్తుందో, ఎలా వస్తుందో నేను చెప్పలేను. అయితే “నా మూలానే” అన్న మాట మాత్రం మా వదిన మళ్లీ అనలేదు. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి ఎదురుచూపు ఏదైనా వుంటే, అమెరికా కాగితమే కానక్కర లేదు, ఇక్కడి పొలం పట్టా కావచ్చు, పింఛను అప్పీలు కావచ్చు, కాగితాలు భద్రం చేసుకోండి. అడగవలసిన మాట మళ్లీ అడగండి. ఈలోగా కల్లంలో కాయ తిరగెయ్యడం మాత్రం ఆపకండి.